నాన్న స్టాటిన్ మానేశారు, పిక్క నొప్పి మాత్రం తగ్గలేదు: ఏం చేయాలి?

ఉక్కు_అబ్బాయి (గాజువాక)

అందరికీ నమస్కారం. నాన్నకి 63 ఏళ్లు, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. కిందటి కార్తీకమాసంలో గుండెపోటు వచ్చింది, ఒక స్టెంట్ వేశారు. డిశ్చార్జి అయినప్పటి నుంచి అటోర్వాస్టాటిన్ 40 (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర), రక్తం పలచబడే మాత్రలు రెండు, బీపీ మాత్ర వాడుతున్నారు. సిగరెట్లు అప్పుడే పూర్తిగా మానేశారు.

సమస్య ఏంటంటే, ఉగాది దాటాక చేయించిన రిపోర్టులో టోటల్ కొలెస్ట్రాల్ 140, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 34, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 190, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 68 వచ్చాయి. ఎల్‌డీఎల్ 100 లోపు నార్మల్ అని ఆ కాగితం మీదే ఉంది. "కొవ్వు తగ్గిపోయింది, ఇంకా మందెందుకు" అని నాన్న అటోర్వా ఆపేశారు. వాకింగ్‌లో కలిసే ఆయనెవరో ఈ మాత్రలు కండరాలు తినేస్తాయని, లివర్ పాడవుతుందని చెప్పారట. నాన్నకి నడిస్తే కుడి పిక్క పట్టేస్తుంది. అది ఈ మందు వల్లేనని ఆయన నమ్మకం.

నిన్న మళ్లీ టెస్ట్ చేయిస్తే ఎల్‌డీఎల్ 128. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆయన మాత్రం వినడం లేదు. ఏం చెప్పి ఒప్పించాలి?

సీతమ్మధార_శాంతి

ముందు స్టెంట్ వేసిన డాక్టర్‌కి చెప్పండి తమ్ముడూ. మా మావయ్యగారు కూడా ఇలాగే సొంతంగా ఆపేస్తే డాక్టర్‌గారు బాగా కేకలేశారు. రక్తం పలచబడే మాత్రలు కూడా మానేశారేమో గట్టిగా అడగండి. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో అది ఇంకా పెద్ద ప్రమాదం.

ఉక్కు_అబ్బాయి

అవి మానలేదక్కా. రోజూ అమ్మే దగ్గరుండి ఇస్తుంది. అటోర్వా ఒక్కటే ఆపారు.

భీమిలి_తీరం

మీ నాన్నగారిని నేను తప్పు పట్టలేను. నాకు 52. రోసువాస్టాటిన్ 10, అదీ స్టాటినే, మొదలుపెట్టిన నెలలోపే రెండు తొడలూ రెండు భుజాలూ ఒకటే నొప్పులు. మంచం దిగాలన్నా, జడ వేసుకోవాలన్నా కష్టమైంది. "వయసు వచ్చింది కదమ్మా" అన్నారే తప్ప మొదటి డాక్టర్ పట్టించుకోలేదు. రెండో డాక్టర్ సీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) రాస్తే నాకు థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని తేలింది. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ తనంతట తనే పెరుగుతుందట, పైగా స్టాటిన్ వేసుకుంటే కండరాల నొప్పులు వచ్చే అవకాశమూ ఎక్కువట. థైరాక్సిన్ వేసుకుని అది సర్దుకున్నాక ఇప్పుడు రోసువా 5తో పాటు ఎజెటిమైబ్ అనే ఇంకో రకం కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నాను. నొప్పుల్లేవు. మందు వల్ల నొప్పి రావడం నిజమే, నేను పడ్డాను. కానీ ఆపేసి ఊరుకోకుండా ఎందుకు వచ్చిందో చూపించుకోవాలి.

మధురవాడ_ఫిజీషియన్

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఇక్కడ చికిత్స రాయను, కొన్ని విషయాలు మాత్రం చెబుతాను.

మొదటిది ల్యాబ్ కాగితం సంగతి. అందులో వేసే 100 లోపు అన్న లెక్క ఏ జబ్బూ లేని మామూలు మనిషికి సంబంధించినది. గుండెపోటు వచ్చిన మనిషికి లక్ష్యం వేరు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి అతి ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, నాన్-హెచ్‌డీఎల్ 85 లోపు ఉండాలి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేదే నాన్-హెచ్‌డీఎల్. మీ నాన్నగారిది 140లోంచి 34 తీస్తే 106. అంటే మందు వాడుతున్న రోజుల్లో కూడా ఆయన లక్ష్యానికి చేరలేదు. మందు పెంచాల్సిన రిపోర్టు చూసి మందు మానేశారు. ఈ పొరపాటు మన దగ్గర చాలామంది చేస్తున్నారు. ఎవరి కాగితం వాళ్లకి సరిపోయేలా లక్ష్యం కూడా అచ్చు వేస్తే ఎంతో మేలు జరుగుతుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రెండోది "తగ్గిపోయింది కదా" అన్న మాట. స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. లోపల తయారీ తగ్గేసరికి కాలేయ కణాలు తమ మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే రిసెప్టర్లను పెంచుకుని రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటాయి. మందు ఆపిన కొన్ని వారాల్లో ఇదంతా పాత స్థితికి వస్తుంది. 68 నుంచి 128కి వెళ్లడంలో వింతేమీ లేదు, మందు పనిచేసిందనడానికి అదే రుజువు.

మూడోది నొప్పి. మందు ఆపాక తగ్గిందా? ఎప్పుడు వస్తుంది? ఒక కాలికేనా? కూర్చున్నప్పుడు కూడా ఉంటుందా? ఎంత దూరం నడిస్తే వస్తుంది, ఆగితే ఎంతసేపటికి పోతుంది? ఇవి కనుక్కుని రాయండి. అన్నిటికంటే ముఖ్యం, గుండెపోటుకి ముందు ఈ నొప్పి ఉండేదా?

వన్‌టౌన్_వర్తకుడు

ఇవన్నీ కంపెనీల వ్యాపారమండీ. పరగడుపున వెల్లుల్లి రసం, యాపిల్ వెనిగర్ తాగితే బ్లాకులు కరిగిపోతాయి. నాకు తెలిసినాయన స్టెంట్ వద్దని ఇదే తాగుతున్నాడు, ఉక్కులా ఉన్నాడు.

మందుల_మాస్టారు

నేను ఫార్మసిస్ట్‌ని, జగదాంబ దగ్గర చాలా ఏళ్లు కౌంటర్‌లో ఉన్నాను. వెల్లుల్లి వంటలో తినండి, మంచిదే. ధమనిలో పేరుకున్న పూడికను వెల్లుల్లి రసం కరిగిస్తుందనడానికి ఆధారం లేదు. ఆ తెలిసినాయన బాగుండాలనే నేనూ కోరుకుంటాను. కానీ గుండెపోటు రేపు వస్తుందని ఈరోజు కబురు పెట్టదు. అప్పటిదాకా పెద్దగా అడ్డుపడని చిన్న పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి ఒక్కసారిగా దారి మూసేస్తుంది. చాలా గుండెపోట్లు వచ్చేది అలాగే. నిన్నటిదాకా ఉక్కులా ఉన్నవాళ్లు పడిపోయేది అందుకే.

కంపెనీల లాభం మాట కూడా చెప్పాలి. అటోర్వాస్టాటిన్ పేటెంట్ ముగిసి చాలాకాలమైంది. జన ఔషధి కేంద్రంలో అడిగి చూడండి, ఇంత తక్కువా అని ఆశ్చర్యపోతారు. పొడులు, రసాలు, డబ్బాల్లో అమ్మే సప్లిమెంట్లు దానికి ఎన్నో రెట్లు ఖరీదు.

ఇంకొకటి. "సహజమైనది" అని రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర బూజుతో పులియబెట్టిన బియ్యం) గుళికలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. అందులో ఉండే మొనాకొలిన్ కె, లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మందు రెండూ ఒకటే పదార్థం. ఎంత మోతాదు ఉందో తెలియకుండా స్టాటిన్ వేసుకున్నట్టే. ఆ గుళికలూ డాక్టర్ రాసిన స్టాటినూ కలిపి వాడినవాళ్లని చూశాను, అది ప్రమాదం.

ఏయూ_పాత_లెక్చరర్

ఈ మందు పుట్టింది కూడా బూజులోనే. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త శాంక్యో కంపెనీలో పనిచేస్తూ కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం కోసం వేల రకాల శిలీంధ్రాలను పరీక్షించారు. బియ్యం మీద పట్టిన ఒక నీలిపచ్చ బూజులో 1973లో అది దొరికింది. ఆ దారిలోనే వేరే కంపెనీ తెచ్చిన లోవాస్టాటిన్‌కి 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎల్‌డీఎల్ రిసెప్టర్ గుట్టు విప్పిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. ఎండోకి మాత్రం నోబెల్ రాలేదు, 2024లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కోట్లమంది ఆయుష్షు పెంచిన మనిషి పేరు మన పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇది నిజంగా ప్రాణం కాపాడుతుందా అంటే, 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బు ఉన్న 4,444 మంది మీద చేసిన అధ్యయనం చూడండి. సిమ్వాస్టాటిన్ వాడినవాళ్లలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి.

ఉక్కు_అబ్బాయి

డాక్టర్‌గారూ, మీరడిగినవి నాన్నని, అమ్మని కూర్చోబెట్టి అడిగాను. కుడి పిక్క ఒక్కటే. ఇంట్లో తిరిగితే ఏమీ ఉండదు. మా వీధి మొదలు నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచేసరికి పట్టేస్తుంది, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది, మళ్లీ అంతే దూరానికి వస్తుంది. ఎత్తు ఎక్కితే ఇంకా త్వరగా వస్తుంది. మందు ఆపాక తగ్గిందా అంటే "తగ్గుతుందిలే" అంటున్నారు. తగ్గలేదన్నమాట.

ముందు నుంచీ ఉందా అన్న ప్రశ్నకి అమ్మ చెప్పింది విని ఆశ్చర్యపోయాను. కిందటి ఆషాఢ పౌర్ణమికి ఇద్దరూ సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్లారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరారు, ముడసర్లోవ దాటేలోపు నాన్న చాలాసార్లు రోడ్డు పక్కన ఆగిపోయారట. హనుమంతవాక చేరాక ఇక నడవలేక ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు. అంతకుముందు 32 కిలోమీటర్లూ పూర్తిచేసిన మనిషి. ఎండకి, వయసుకి అనుకున్నారు. అప్పటికి అటోర్వా మొదలవనే లేదు.

మధురవాడ_ఫిజీషియన్

మీ అమ్మగారు చాలా విలువైన విషయం చెప్పారు. మందు మొదలవకముందే ఉన్న నొప్పికి మందు కారణం కాలేదు.

స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు వైపులా, తొడలు, పిరుదులు, భుజాల వంటి పెద్ద కండరాల్లో ఉంటుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో వస్తుంది, ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. విశ్రాంతిగా ఉన్నా తెలుస్తుంది. కొంత దూరానికే వచ్చి, నిలబడగానే పోయి, మళ్లీ అంతే దూరానికి వచ్చే పిక్క నొప్పి మాత్రం కాలికి రక్తం తీసుకెళ్లే ధమనిలో పూడికను అనుమానించేలా చేస్తుంది. నడిచే కండరానికి రక్తం ఎక్కువ కావాలి, ఇరుకైన నాళం అంత ఇవ్వలేదు. వెన్నెముకలో నరం నొక్కుకున్నా నడిస్తే నొప్పి వస్తుంది, కానీ అది ఊరికే నిలబడితే పోదు, కూర్చోవాలి లేదా ముందుకి వంగాలి. ఇన్నేళ్ల సిగరెట్లు, షుగర్, గుండెపోటు, మూడూ ఉన్న మనిషిలో నేను ముందు కాలి ధమనినే చూస్తాను.

దీనికి సూదిపోటు కూడా లేని పరీక్ష ఉంది, యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ అంటారు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.90 లేదా అంతకంటే తక్కువ వస్తే కాలి ధమనుల జబ్బు ఉన్నట్టు. ఒక జాగ్రత్త: ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చు. 1.4 దాటితే కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలిచి చూడాలి. స్టెంట్ వేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లి ఈ మాటలన్నీ వరసగా చెప్పండి, అటోర్వా ఆపిన సంగతి దాచకుండా. పాదాలు కూడా చూపించండి. మానని పుండు గానీ, విశ్రాంతిలో కూడా పాదం నొప్పి గానీ, పాదం చల్లబడి రంగు మారడం గానీ ఉంటే ఆ రోజే వెళ్లాలి.

పెందుర్తి_పంతులమ్మ

ఈ చర్చ చదివి మా అమ్మ గురించి ఆలోచిస్తున్నాను. మాది శ్రీకాకుళం వైపు పల్లె. అమ్మకి 70. చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది, చుట్ట వెలిగించి ఆ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా ఊళ్లో ఆ తరం ఆడవాళ్లు చాలామంది అంతే. కాళ్లు లాగుతున్నాయంటే మోకాళ్ల అరుగుదల అనుకుని ఆయింట్‌మెంట్లు రాస్తున్నాం. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా ఒక్కరు కూడా "పొగ తాగుతారా అమ్మా" అని అడగలేదు. ఆడమనిషి కదా అని.

మధురవాడ_ఫిజీషియన్

పంతులమ్మగారూ, మీరు చెప్పింది ప్రతి డాక్టరూ చదవాలి. ఉత్తరాంధ్రలో ప్రాక్టీసు చేసేవాళ్లు ఆడవాళ్లని పొగ గురించి అడగకపోతే సగం చరిత్ర వదిలేసినట్టే. అడ్డపొగ అనగానే అందరికీ అంగిలి క్యాన్సరే గుర్తొస్తుంది, నోరు తప్పకుండా చూపించాలి కూడా. కానీ చుట్ట ఏ వైపు పెట్టుకున్నా అది పొగాకే, ధమనులకి హాని చేసేదే. కాలి ధమనుల జబ్బుకి పొగాకును మించిన శత్రువు లేదు. అమ్మగారికి కాళ్ల ధమనులు, లిపిడ్ ప్రొఫైల్, షుగర్, బీపీ అన్నీ చూపించండి. లిపిడ్ పరీక్షకి ఇప్పుడు చాలావరకు పరగడుపున రావాల్సిన పని లేదు, పల్లె నుంచి ఆకలితో బస్సులో తీసుకురానక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువ వస్తే మాత్రం పరగడుపున మళ్లీ చేస్తారు.

భీమిలి_తీరం

పంతులమ్మగారూ, చుట్ట మానిపించడానికి గట్టిగా తిట్టకండి. మా అత్తగారిని తిడితే దాచుకుని తాగేవారు. మనవరాలు పక్కన కూర్చుని అడిగితే మానారు.

బీచ్‌రోడ్_నడక

తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు. చేపలు తినొచ్చా? మేం హార్బర్ నుంచి కవళ్లు, కానాగంతలు తెచ్చుకుంటాం. గుడ్డు పచ్చసొన పూర్తిగా మానాలా?

మందుల_మాస్టారు

కవళ్లు, కానాగంతలు చాలా మంచివి, ఒమేగా-3 బాగా ఉంటుంది, ఖరీదైన వంజరమే కావాలని లేదు. పులుసు పెట్టుకోండి. అదే చేపను కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయిస్తే మేలు పోతుంది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. బయట కొనే బజ్జీలు, మిక్చర్లు ఎక్కువగా అందులోనే వేగుతాయి. పచ్చసొన పూర్తిగా మానక్కర్లేదు, మీ జబ్బును బట్టి ఎన్ని తినాలో డాక్టర్‌ని అడగండి. మన వాళ్లకి ఎక్కువ చేటు చేసేది మూడు పూటలా గుట్టగా వడ్డించుకునే తెల్లన్నం. ట్రైగ్లిజరైడ్స్ పెరిగి హెచ్‌డీఎల్ తగ్గడం మనవాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపించే వరస, అన్నం, తీపి, మద్యం తగ్గిస్తే అక్కడ తేడా కనిపిస్తుంది. తిండి సరిచేసుకోవాల్సిందే, కానీ స్టెంట్ పడ్డవాళ్లకి అది మందుతో పాటు చేయాల్సిన పని.

ఉక్కు_అబ్బాయి

అందరికీ కృతజ్ఞతలు. నాన్న మొదట రానన్నారు. గిరిప్రదక్షిణ సంగతి అమ్మ గుర్తు చేస్తే ఆలోచనలో పడి, మర్నాడు తనే ఫైలు పట్టుకుని బయల్దేరారు. పరీక్షలో కుడి కాలు 0.68, ఎడమ కాలు 0.94 వచ్చాయి. రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్‌లో కుడి తొడలోని ధమనిలో పూడిక ఉందన్నారు. సీకే, టీఎస్‌హెచ్, లివర్ పరీక్షలు బాగున్నాయి.

అటోర్వా 40 మళ్లీ మొదలుపెట్టి, ఎజెటిమైబ్ 10 కలిపారు. ఆపరేషన్ ఇప్పుడు అవసరం లేదన్నారు. నడక రాశారు: నొప్పి ఓ మాదిరిగా వచ్చేదాకా నడవాలి, ఆగాలి, పోయాక మళ్లీ నడవాలి. నొప్పి వస్తుంటే నడిపించడం ఏంటని అమ్మ భయపడుతోంది. ఇంకో ప్రశ్న, అటోర్వానే 80 చేయకుండా రెండో మందు ఎందుకు కలిపారు?

మధురవాడ_ఫిజీషియన్

అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఈ నడక కాలి ధమనుల జబ్బుకి బాగా రుజువైన చికిత్స. వారానికి కనీసం మూడుసార్లు, విశ్రాంతితో కలిపి అరగంట నుంచి ముప్పావుగంట, మూడు నెలలు పట్టు విడవకుండా చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుంది. చదును నేల మీద మొదలుపెట్టండి, ఉదయం వాహనాలు ఆపే సమయంలో బీచ్ రోడ్డు బాగుంటుంది. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువు అనిపిస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పాలి. పాదాలకి బాగా పట్టే బూట్లు వేయించండి, షుగర్ ఉంది కాబట్టి చెప్పుల్లేకుండా ఎక్కడా నడవకూడదు, గుడి ప్రాంగణంలో అయినా సరే మేజోళ్లయినా ఉండాలి.

ఇక రెండో మందు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్‌ను లోపలికి పోనివ్వకుండా ఆపుతుంది, దారి వేరు, అందుకే స్టాటిన్‌కి కలిపితే ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. 68 మీద 20 శాతం అంటే 54 దగ్గరికి వస్తుంది. నాలుగు నుంచి పన్నెండు వారాల్లోపు మళ్లీ చూస్తారు. అప్పటికీ దిగకపోతే బెంపిడోయిక్ యాసిడ్ మాత్ర ఉంది, ఎల్‌డీఎల్ రిసెప్టర్లను నాశనం చేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిలో ఇన్‌క్లిసిరాన్ అయితే మొదటి డోసు, మూడు నెలలకి రెండోది, ఆ తర్వాత ఆరు నెలలకొకటి. ఇవి ఖరీదైనవి, చాలామందికి అంతదాకా అవసరం రాదు.

మీ నాన్నగారికి ఇంకా భయం ఉంటే ఈ అధ్యయనం చెప్పండి. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి ఇంగ్లండ్‌లో ఏడాది పాటు కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చారు. 2020లో ఫలితాలు వచ్చాయి. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. ఆ బాధ నిజమైనదే, కారణం మాత్రం చాలావరకు మందు లోపల లేదు. మిగతా భాగం మందు వల్లే కాబట్టి భీమిలి_తీరం గారిలా నొప్పి వచ్చినవాళ్లని తేలిగ్గా తీసేయకూడదు. షుగర్ కొద్దిగా పెరగడం కూడా ఉంది, అయినా గుండెజబ్బు ఉన్నవాళ్లకి లాభం చాలా ఎక్కువ.

సీతమ్మధార_శాంతి

తమ్ముడూ, నీ సంగతేంటి? మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చిందా?

ఉక్కు_అబ్బాయి

మా చిన్నాన్నకి 41కే గుండెపోటు వచ్చిందక్కా. నాకు 34. ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోలేదు.

మధురవాడ_ఫిజీషియన్

ఈ వారమే చేయించుకోండి. లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు లైపోప్రొటీన్-ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే, గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచే కణం) కూడా అడగండి. అది పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. డెసిలీటరుకి 50 మి.గ్రా. దాటితే ఎక్కువ కింద లెక్క, భారతీయుల్లో సుమారు నాలుగో వంతు మందికి అలా ఉంటుంది. దాన్ని స్టాటిన్ తగ్గించదు. అందుకే అది ఎక్కువ ఉన్నవాళ్లు ఎల్‌డీఎల్, బీపీ, షుగర్, పొగ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్యంగా వచ్చే రకం కావచ్చు, అప్పుడు మీ తోబుట్టువులకీ పిల్లలకీ కూడా చూడాలి. చిన్నాన్నగారి పిల్లలకి ఈ మాట ఫోన్ చేసి చెప్పండి.

మందుల_మాస్టారు

బాబూ, మందుల గురించి కూడా ఒకటి రాసుకో. అటోర్వా ఏ పూట వేసుకున్నా పర్వాలేదు, రోజూ ఒకే వేళకి వేసుకుంటే మర్చిపోరు. దగ్గు, జ్వరం అని ఎక్కడికైనా వెళ్తే మందుల చీటీ మొత్తం చూపించమను. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ దీనితో కలిస్తే కండరాలకి ముప్పు. పంపరపనస పండు కూడా రక్తంలో ఈ మందు స్థాయిని పెంచగలదు, పెరట్లో చెట్టు ఉన్నా నాన్నగారిని దానికి దూరంగా ఉండమను. మూత్రం కోకాకోలా రంగులోకి వచ్చి ఒళ్లంతా నొప్పులుంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అది చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి.

పెందుర్తి_పంతులమ్మ

అమ్మని సోమవారం విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీకి తీసుకొస్తున్నాను. చుట్ట సంగతి ఎవరూ అడగకపోయినా నేనే చెబుతాను.

ఉక్కు_అబ్బాయి

నాన్న రిపోర్టు ఇప్పుడే వచ్చింది. ఎల్‌డీఎల్ 53, నాన్-హెచ్‌డీఎల్ 84. మెయిన్ రోడ్డు దాటి టిఫిన్ కొట్టు దాకా ఆగకుండా వెళ్తున్నారు. నాది లైపోప్రొటీన్-ఎ 71 వచ్చింది, ఎల్‌డీఎల్ 142. శుక్రవారం నాన్న డాక్టర్‌కే చూపించుకుంటున్నాను, చిన్నాన్న కొడుకు కూడా నాతో వస్తున్నాడు.